మారీన్ టీచర్ బీరువా

మెరీబ్యాంక్, డర్బన్
14 ఆగస్టు 1997

అక్కా,

వచ్చి రెండేళ్లకే డర్బన్ వదలొద్దని రాశావు. సోమవారం దాకా నేనూ అదే అనుకున్నాను.

ఆ రోజు మా అఖిల ఉబ్బసానికి నోట్లో కొట్టుకుని పీల్చే మందు పంపు మర్చిపోయి బడికెళ్లింది. ఇవ్వడానికి పరుగున వెళ్లాను. వాళ్ల టీచర్ మారీన్ బీరువా తెరిచింది. అరనిండా అవే పంపులు, ఒక్కోదాని మీద ఒక్కో పిల్ల పేరు.

"ఇవన్నీ ఈ క్లాసువేనా?" అన్నాను.

"పక్కనే చమురు రిఫైనరీలు కదా, ఆ పొగ," అంటూ అఖిల పేరు రాసి, దాన్నీ వాటి పక్కన పెట్టింది.

 ఆ సాయంత్రమే మీ మరిదితో ఇక్కణ్ణించి వెళ్లిపోదామన్నాను.

శనివారం వెరులంలో ఇల్లు చూస్తున్నాం. చిన్న ఊరు, రిఫైనరీల్లేవు. అక్కణ్ణించి మీ మరిది ఆస్పత్రి ఉద్యోగానికి రోజూ గంట ప్రయాణం. అయినా సరేనన్నారు.

సంగతి చెప్తే అఖిల, "అక్కడ నన్ను పరిగెత్తనిస్తావా?" అని అడిగింది. ఇన్నాళ్లూ నేనే ఆపుతున్నాననుకుంది.

నీ చెల్లెలు