చేతిలో మిగిలిన కప్పు

ఆదివారం, గుడివాడ

బరువు తగ్గే ఆపరేషన్ అయిన మూడు నెలలకు ఇవాళ చర్చికి వెళ్లాను. తిన్నాక అరగంట వరకు ఏమీ తాగకూడదన్నారు కదా డాక్టరు గారు. అందుకని ప్రభుబల్లలో ఇచ్చిన రొట్టె ముక్క నమిలి మింగి, ద్రాక్షరసం కప్పు చేత్తో పట్టుకుని అలాగే కూర్చున్నాను. ఎవరి మీదైనా కోపం ఉంటే అది తాగకూడదని మా సంఘంలో పట్టింపు. ఆ సంగతి నాకు గుర్తే రాలేదు.

ప్రార్థనలన్నీ అయ్యాక మా తోడికోడలు సునీత వచ్చి చెయ్యి పట్టుకుంది. కళ్లనిండా నీళ్లు.

"నా మీద కోపంతోనే కదక్కా తాగలేదు? 'నోరు కట్టుకోలేక పొట్ట కోయించుకుంది' అని పామర్రులో మావాళ్లతో అన్నాను. మీకెవరు చెప్పారో గానీ, తప్పేనక్కా. క్షమించండి."

నాకెవరూ చెప్పలేదు. ఈ మూడు నెలలూ రోజూ నాకు రాగిజావ వడగట్టి తెచ్చిస్తున్నది తనే. అదెందుకో ఎక్కువ బాధనిపించింది. "పర్వాలేదులే" అన్నాను.

అప్పటికి అరగంట దాటింది. కప్పు నోటి దాకా తీసుకెళ్లి ఆగిపోయాను. తీసుకెళ్లి పాస్టరమ్మగారికి ఇచ్చేశాను.

"ఏమ్మా, తాగలేదే?" అన్నారు.

"డాక్టరు గారు వద్దన్నారండి" అన్నాను.