ఎడమకి లాగే కారు

తమ్ముడూ, అన్నయ్య కాలు తీసేయక తప్పదని డాక్టరుగారు ఫోన్ చేశారు. అక్కడ వదిన ఒక్కతే ఉంది, నేను ఆసుపత్రికి వెళ్తున్నాను. నువ్వు బస్సులో రా. అన్నయ్య పాత స్పోర్ట్స్ కారు జోలికి మాత్రం పోకు. ప్రమాదం తర్వాత నువ్వు సొట్టలు తీయించి రంగు వేయించావు గానీ, కింద ముందు చక్రాన్ని పట్టి ఉంచే సస్పెన్షన్ ఆర్మ్ ఇంకా వంకరగానే ఉందట. అది మార్చకుండా ఎన్నిసార్లు చక్రాల అలైన్‌మెంట్ చేసినా నిలవదన్నాడు మెకానిక్. బ్రేకు వేస్తే ఎడమకే లాగేస్తుంది. "కొంచెమేగా లాగేది, స్టీరింగ్ గట్టిగా పట్టుకుంటాలే చెల్లాయ్" అని ఆ రోజు అన్నయ్య నా మాట వినలేదు. నువ్వయినా విను. తాళం నా దగ్గరే ఉంది, వెతక్కు.

అక్క

అన్నయ్య మెలకువ రాగానే కారెలా ఉందనే అడుగుతాడు. బాగైపోయిందని నువ్వే చెప్పు. నేను అబద్ధమాడితే ఇట్టే పట్టేస్తాడు.