తగ్గిన కాడికి తియ్యటి నీళ్ళు

బిస్మిల్లా.

అన్నమయ్య జిల్లా రాయచోటి దగ్గరి పల్లెలో దూది ఏకి బతికిన మస్తాన్ సాహెబ్ కొడుకును, దూదేకుల కాలేషాను, వయస్సు అరవై ఏడు, చదువు ఊరి బడిలో ఐదో తరగతి, సౌదీ అరేబియాలో బురైదా బయట అబూ సాలేహ్ గారి ఖర్జూరపు తోటలో ముప్పై ఒక్క ఏళ్ళుగా పనిచేస్తున్నవాణ్ణి, తోటలోని మోటారు గదిలో కూర్చుని నా చేత్తో రాసుకున్న వీలునామా ఇది. వచ్చే ఆదివారం నాకు గుండె ఆపరేషన్. డాక్టరు భయం లేదన్నాడు గానీ కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. ఆయనకు ఒకటి పెట్టాక, నా వాళ్ళకూ ఒకటి పెట్టి పోవాలనిపించింది. బుద్ధి స్థిరంగానే ఉంది. ఎవరూ నన్ను రాయమనలేదు, ఎవరూ వద్దనలేదు. దీనికి ముందు నేను ఏ వీలునామా రాయలేదు. ఇన్ని మాటలు కూడా ఎప్పుడూ రాయలేదు.

1. ఊళ్ళో నాకున్నది రెండు గదుల ఇల్లు, ఎకరం మామిడి తోట. నా భార్య మహబూబ్బీకి, కూతురు ముబష్షిరాకు, తమ్ముడికి ఎవరి వాటా ఎంతో షరియత్‌లో ఉంది. అది మార్చే హక్కు నాకు లేదు. తమ్ముడు గట్టు జరిపి నా మామిడి చెట్లు రెండు తన వైపు కలుపుకున్నాడు. పదకొండేళ్ళుగా మా మధ్య మాటల్లేవు. అయినా అతని వాటా అతనికి పోతుంది. ముందు ఆ రెండు చెట్లూ వెనక్కి ఇచ్చి, తర్వాత వాటా తీసుకోవలసిందని కోరుతున్నాను.

2. వారసులకు వీలునామాలో వేరుగా ఏదీ రాయకూడదట. కాబట్టి మహబూబ్బీకి ఇది ఆస్తి కాదు, మాట. ఇన్నేళ్ళూ ఫోనులో నువ్వు మాట్లాడావు, నేను "ఊఁ" అన్నాను. గోడతో మాట్లాడినట్టుందని నువ్వు చాలాసార్లు అన్నావు. వినకుండా "ఊఁ" అన్న రోజు ఒక్కటి కూడా లేదు. మేక ఈనిందీ, నీ మోకాలు నొప్పీ, పక్కింటి వాళ్ళ గొడవా అన్నీ గుర్తున్నాయి.

3. ఈ వీలునామాను అమలు జరపవలసింది ఖాజావలి. మా వైపు వాడే, తోటలో ట్రక్కు డ్రైవరు, నన్ను మామా అంటాడు. నోరు ఎక్కువ గానీ మాట తప్పడు. చలికాలంలో వేసుకునే నా గొర్రెతోలు కోటు అతనికి. అది తన భుజాలకు సరిపోతుందని నేను బతికుండగానే రెండుసార్లు తొడిగి చూసుకున్నాడు.

4. అమానత్. మోటారు గదిలోని మూడు నీలం డ్రమ్ములు, వాటిలో ఉన్న రాళ్ళు, ఇసుక నావి కావు, అబూ సాలేహ్ గారివి. పాత ఇల్లు ఖాళీ చేసినప్పుడు మజ్లిస్‌లో, అంటే మగ అతిథులు కూర్చునే పెద్ద గదిలో ఉండే ఉప్పునీటి చేపల తొట్టి విప్పేశారు. చేపలను తెలిసినవాళ్ళకు ఇచ్చేశారు. కొత్త ఇంట్లో కొత్త తొట్టి కట్టేదాకా రాళ్ళనూ ఇసుకనూ చావకుండా చూడమని నా చేతిలో పెట్టారు. ఐదు నెలలైంది. ఇంకో రెండు నెలలు పట్టేట్టుంది.

ఖాజావలి మొదట చూసినప్పుడు, "యాంది మామా, రాళ్ళకు కూడా కాపలా కాస్తాండావా? మనూళ్ళో గొర్రెలకే ఇంత సేవ చెయ్యం గదా" అన్నాడు. చూడడానికి రాళ్ళే. కానీ జిద్దా సముద్రంలోంచి వచ్చిన ఆ రాళ్ళ బొక్కల్లో, ఆ ఇసుకలో కంటికి ఆనని ప్రాణులు ఉంటాయి. చేపల మురికి తిని నీళ్ళను బాగుచేసేది అవే. అవి చస్తే రాయి ఉత్త రాయి. దాన్ని నమ్మి తొట్టిలో వదిలిన చేపలూ చస్తాయి.

నేను లేకపోతే ఖాజావలి చేయవలసింది: లైటు అక్కరలేదు, చీకట్లో బతుకుతాయి. నీళ్ళు మాత్రం ఎప్పుడూ కదులుతుండాలి. పంపు ప్లగ్గు పీకి ఫోనుకు చార్జింగు పెట్టుకోకూడదు. ఇది వేరే ఎవరికో కాదు, ఖాజావలికే. చలి మొదలైంది గనక హీటరు ఆపకూడదు. ఇసుక నాలుగు వేళ్ళ మందం కంటే ఎక్కువ పరచకూడదు. కుప్ప పోస్తే అడుగున నల్లబడి కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. అట్లాంటి ఇసుకను కలియబెట్టకుండా తీసి పారెయ్యాలి. రోజూ మూత తీసి వాసన చూడాలి. సముద్రం వాసన వస్తే బాగున్నట్టు. సముద్రం వాసన ఎట్లుంటుందో తెలియదంటే ఆదివారానికి ముందే వచ్చి చూసి గుర్తుపెట్టుకోవాలి. డ్రమ్ముల లోపల ఎర్ర గీత గీశాను. నీళ్ళు ఆ గీత కిందికి దిగితే ఫిల్టరు చేసిన తియ్యటి నీళ్ళే పోయాలి. ఉప్పు నీళ్ళు పోయకూడదు. ఎందుకో కింద ఉంది.

5. తొమ్మిదేళ్ళ కింద, రంజాన్ నెల మొదట్లో తొట్టి అద్దం పగిలింది. కొత్త అద్దం వచ్చేదాకా రాళ్ళు అప్పుడూ ఇట్లాగే డ్రమ్ముల్లో ఉన్నాయి. పంపులు బిగించింది దేవన్న. జగిత్యాల వైపు మనిషి, తోటలో కరెంటు పని, మోటార్ల పని చూసేవాడు. నన్ను కాకా అనేవాడు. ఆరేళ్ళు ఒకే గదిలో ఉన్నాం. నీళ్ళు పోసే పని నాది.

ఆ ఎండకు నీళ్ళు రోజూ తగ్గేవి. దేవన్న నాకు ఒకసారి చెప్పాడు. "కాకా, ఎండకు పొయ్యేది నీళ్ళే. ఉప్పు ఏడికీ పోదు, అండ్లనే ఉంటది. తగ్గిన కాడికి తియ్యటి నీళ్ళే పొయ్యి." నేను వినలేదు. సముద్రపు ప్రాణికి మంచినీళ్ళు పోస్తే చస్తుందని నాకు తోచింది. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడు నాకు నేర్పేదేమిటని కూడా అనుకున్నాను. రోజూ ఉప్పు కలిపిన నీళ్ళే పోశాను. ఉప్పు మీద ఉప్పు చేరింది. మూడు వారాలు తిరిగేసరికి అన్నీ చచ్చాయి. ఆ వాసనకు తోటలో ఇఫ్తారుకు ఎవరూ కూర్చోలేకపోయారు.

దేవన్న వచ్చి డ్రమ్ములో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. నా వైపు చూశాడు. "కాకా, నువ్వే చెప్పు" అన్నాడు. అంతే.

పండగ నాడు మజ్లిస్‌లో పదిమంది ముందు అబూ సాలేహ్ గారు అడిగారు. పంపు ఆగిపోయి ఉంటుందని ఎవరో అన్నారు. పంపు దేవన్నది. నేను తివాచీ మీది పూలు చూస్తూ నిలబడ్డాను. అరబ్బీ రాక కాదు. అప్పటికే ఇరవై రెండేళ్ళు ఈ దేశంలో ఉన్నాను. నోరు రాలేదు. అందరి ముందూ అతన్ని పనికిమాలినవాడన్నారు. వారంలో ఖురూజ్, అంటే దేశం విడిచి పొమ్మనే ముద్ర, కొట్టించి ఇంటికి పంపేశారు. అతను నా పేరు చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు.

అతను పోయాక మంచం కింద పెయింటు బకెట్టు దొరికింది. అందులో చిన్న పంపు ఒకటి పరీక్ష చేయడానికి విరిగిన రాయి ముక్క వేసి, గుప్పెడు ఇసుక వేసి, తియ్యటి నీళ్ళు సరిపెడుతూ కాపాడుకున్నాడు. అన్నిటిలో బతికింది అదొక్కటే. చచ్చిన రాళ్ళను కడిగి ఎండబెట్టి, కొత్తగా ఉప్పునీళ్ళు కలిపి, ఆ ముక్క పక్కన పెట్టాను. బతికిన రాయిని ఆనుకుని ఉంటే చచ్చిన రాయికి మెల్లగా ప్రాణం పాకుతుంది. ఏడాది పట్టింది. ఇప్పుడున్న మూడు డ్రమ్ములూ ఆ ముక్క నుంచి వచ్చినవే. "కాలేషా చేతిలో బర్కత్ ఉంది, చచ్చినవాటిని బతికించాడు" అని అబూ సాలేహ్ గారు వచ్చినవాళ్ళందరికీ చెబుతారు. ఆ మాట మొదలు కాగానే నేను ఖాళీ కప్పులు ఎత్తుకుని బయటికి వస్తాను.

6. నేను పోతే, పై ఐదో అంశాన్ని ఖాజావలి అరబ్బీలో చెప్పుకుంటూ అబూ సాలేహ్ గారి ముందు, మజ్లిస్‌లోనే, నలుగురు కూర్చున్నప్పుడు చదవాలి. ఒంటరిగా ఆయన చెవిలో చెప్పకూడదు. మధ్యలో సొంత మాటలు కలపకూడదు.

7. వారసులు కానివాళ్ళకు మూడో వంతు దాకా రాసే హక్కు నాకు ఉంది. ఆ మూడో వంతు దేవన్నకు రాస్తున్నాను. అతనికి ఆ తర్వాత ఏ ఏజెంటూ వీసా ఇవ్వలేదని, ఊళ్ళో మోటార్లు చుట్టే కొట్లో కూలికి పోతున్నాడని రియాద్‌లోని బతా బజారులో కలిసిన అతని ఊరివాడు చెప్పాడు. నంబరు అతనే ఇచ్చాడు. నేను నాలుగుసార్లు ఫోను చేశాను. ప్రతిసారీ దేవన్న భార్య ముత్యవ్వ ఎత్తింది. "ఎవలు? మాట్లాడరేంది?" అని అడిగి అడిగి పెట్టేసింది.

మహబూబ్బీ, ముబష్షిరా, ఈ అంశం మీద మీరు బాధపడకండి. మీ వాటాలోంచి తీసింది కాదు, నాలోంచి తీసింది.

8. సాక్షులు ఇద్దరు కావాలి. ఒకరు నయీమ్, హైదరాబాదు మనిషి, ఇక్కడ బురైదాలో మందుల దుకాణంలో పనిచేస్తాడు, నా మాత్రలు ఏ పూటవి ఆ పూటకు విడదీసి ఇచ్చేది అతనే. రెండో చోటు ఖాళీ ఉంచాను. పరాయి దేశంలో చావు దగ్గరపడినవాడికి వేరే మతస్థుడి సాక్ష్యం కూడా చెల్లుతుందని ఖురాన్‌లో ఉందట. మస్జిద్‌లో ఉర్దూ పాఠం చెప్పే మౌల్వీ సాబ్ చెప్పాడు. ఐదో అంశం నిజమో కాదో తెలిసినవాడు నేను కాక ఒక్కడే ఉన్నాడు.

గురువారం సాయంత్రం అస్ర్ నమాజ్ తర్వాత చేర్చింది:

నయీమ్, ఖాజావలి పక్కన ఉండగా ఫోను చేశాను. ముత్యవ్వే ఎత్తింది. "ఎవలు? మళ్ళ గా మాట్లాడనోడేనా?" అన్నది. కాలేషానన్నాను. "ఇగో, నీ కాకనట" అని అతనికి ఇచ్చింది. వీలునామా మొత్తం చదివాను. మధ్యలో రెండుసార్లు ఆగాను. అతను ఆగనివ్వలేదు, "సదువు" అన్నాడు. అతను చెప్పిన మీదట ఈ కింది మార్పులు చేశాను.

(క) ఐదో అంశంలో "ఒకసారి చెప్పాడు" అన్నది తప్పు. "ఒక్కసారి గాదు కాకా, మూడుసార్లు చెప్పిన. మూడోసారి చేతిల చెయ్యి వెట్టి చెప్పిన" అన్నాడు. నాకు గుర్తుంది. అక్కడ మూడుసార్లు అని చదువుకోవాలి.

(ఖ) ఏడో అంశం వద్దన్నాడు. "నీ మామిడి తోట నేనేం జేసుకుంట? పదిమంది ముందట పనికిమాలినోడన్నరు. ఆడనే చెప్పు. సచ్చినంక ఇంకోనితోటి చెప్పిచ్చుడు గాదు, నువ్వే చెప్పు" అన్నాడు. అతను వద్దన్నా ఏడో అంశాన్ని నేను కొట్టెయ్యలేదు. ముత్యవ్వను కూడా అడగాలి.

(గ) ఆరో అంశం కొట్టేశాను. ఖాజావలి చదవనక్కరలేదు. రేపు జుమా తర్వాత అబూ సాలేహ్ గారి మజ్లిస్‌లో నేనే చెబుతాను. రేపు కూడా నాకు నోరు రాకపోతే, కొట్టేసిన ఆరో అంశం మళ్ళీ చెల్లుతుంది.

పెట్టేసే ముందు ఆ రాయి బతికే ఉన్నదా అని అడిగాడు. ఉందన్నాను. నీళ్ళేం పోస్తున్నావన్నాడు. చెప్పాను.

ఇందుకు నా సంతకం. బురైదా, 2025 నవంబరు 13, గురువారం. హిజ్రీ 1447, జమాదుల్ అవ్వల్ 22.

దూదేకుల కాలేషా

సాక్షులు:

1. నయీమ్, హైదరాబాదు. నా ఎదుటే సంతకం చేశాడు.

2. దేవన్న, జగిత్యాల జిల్లా. ఫోనులో ఆసాంతం విన్నాడు. సాక్షిగా తన పేరు రాయమన్నాడు. మాఫు చేసినట్టు రాయొద్దన్నాడు.