మోచేతి మీద ఊరంతా బెంగ

మిస్సిసాగా, మంగళవారం రాత్రి

ఈరోజు లంచ్ టైంలో వేర్‌హౌస్ టీవీలో ఇక్కడి బేస్‌బాల్ టీమ్‌లో బంతి విసిరే పిచ్చర్‌ని చూపించారు. కోట్ల డాలర్లకు ఏడేళ్ల కాంట్రాక్టు మీద సంతకం పెట్టి మూడు నెలలైనా నిండలేదు, అప్పుడే మోచేతికి ఆపరేషన్. ఏడాదిపాటు బంతి విసరడట.

"ఆడకున్నా పేమెంట్ ఆగదు అన్నా, బొక్క టీమ్‌కే," అన్నాడు పక్కన కూర్చున్న కిరణ్.

టీవీలో అతన్ని చూస్తుంటే నాకు ఒళ్లు మండింది. గుంటూరులో కాలేజీ రోజుల్లో నేనూ ఫాస్ట్ బౌలర్‌నే. భుజం నొప్పి దాచిపెట్టి సెలెక్షన్స్‌కి వెళ్లాను. నాలుగో బంతికి చెయ్యి పైకి లేవలేదు. కోచ్ నా దగ్గరికొచ్చి, "బాల్ ఇటియ్యి," అని తీసుకుని ఇంకొకడికి ఇచ్చాడు.

ఈ పిచ్చర్ కూడా నొప్పి దాచాడట. అంత డబ్బు తీసుకున్నాక నొప్పి అని ఎలా చెప్పాలో తెలియలేదని టీవీలో తల దించుకుని చెప్పాడు. జాలిపడాల్సిన మాటే. పడలేకపోయాను.

ఇంటికొచ్చి మా ఆవిడ సునీతకు చెబితే, "అంత డబ్బంటే ఎవరికైనా కుళ్లుగానే ఉంటుంది లెండి," అంది.

డబ్బు కాదు. అతని మోచెయ్యి ఎలా ఉందని ఊరంతా అడుగుతోంది. ఆ రోజు నా భుజం గురించి ఒక్కరూ అడగలేదు.