బల్లి పడ్డ పప్పు

దోహా,
1996 జూన్.

సుభాషిణికి,

దేవుడి దయవల్ల ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం మన అలవాటు. ఈసారి అలా రాయను. ఇక్కడ ఒకరికి బాగాలేదు. నాకు కాదు, కంగారుపడకు. చుక్కమ్మకి.

చుక్కమ్మ ఎవరని నీ మొహం మాడిపోతుందని తెలుసు. అది బల్లి. నవ్వకు. మన గోడల మీద పాకే రకం కాదు. జానెడు పొడుగు, పసుపుపచ్చ ఒంటి మీద చిరుతపులికున్నట్టు నల్ల మచ్చలు, కళ్ళకి రెప్పలు. గోడ ఎక్కడం కూడా రాదు. మా ఇంటి యజమానిని ఇక్కడ అందరం అర్బాబ్ అంటాం. ఆయన కూతురికి ఎవరో లండన్ నుంచి తెచ్చిచ్చారు. ఆ పిల్ల పెళ్ళై వెళ్ళిపోతూ గాజుపెట్టెతో సహా నాకప్పజెప్పి, జాగ్రత్తగా చూడమంది. డ్రైవర్ని కదా, మిగతా అన్నీ నామీదే తోస్తారు, ఇదొక్కటే చేతుల్లో పెట్టి బతిమాలి ఇచ్చారు. పనివాళ్ళలో ఇంకెవరూ దాని దగ్గరికి రారు. బల్లి విషమని మనకెంత భయమో, ఇక్కడి హైదరాబాదు వాడికీ బెంగాలీ వాడికీ అంతే భయం. నాకు మాత్రం లేదా? మీ చిన్నాన్న పెళ్ళిలో చారులో బల్లి పడిందని గుండిగ గుండిగంతా గొయ్యి తీసి పారబోయడం ఇద్దరం చూశాం కదా. అయినా నేను డ్యూటీ దిగి గదిలోకి రాగానే అది గాజు దగ్గరికొచ్చి తలెత్తి చూసేది. నాకోసం ఎదురుచూసేది ఈ దేశంలో అదొక్కటే.

ఇప్పుడది తిండి మానేసింది. బతికున్న కీచురాళ్ళు దాని తిండి. నీళ్ళ ట్యాంకు కింద రాళ్ళు పక్కకి జరిపి, ఆ పురుగుల్ని పట్టుకొచ్చి వేస్తే మొహం తిప్పుకుంటోంది. వేలంత లావుండే తోక పుల్లలా అయింది, కళ్ళు లోపలికి పోయాయి. నిన్న పెట్టెలో వదిలేసిన కీచురాయి ఒకటి దీని కాలి వేళ్ళు కొరికి నెత్తురు తెచ్చింది. తినాల్సిన దాని చేతిలోనే కొరికించుకుంటావా అని నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కీచురాయి తల గోటితో నలిపేసి, ఆ రసం దీని మూతికి రాశాను. కనీసం నాకలేదు. "తినవే దరిద్రపుదానా, తింటావా చస్తావా" అని గదంతా దద్దరిల్లేలా అరిచాను. అరిచి, మళ్ళీ నేనే ఇంకు ఫిల్లరుతో దాని ముక్కు మీద నీళ్ళ చుక్కలు వేస్తూ కూర్చున్నాను. ఎడారి జీవి కదా అని, నా చేతికొచ్చినప్పుడే ఆ పిల్ల పరిచిన కాగితాలు తీసేసి మెత్తటి ఇసుక కూడా పోశాను. ఇంతకంటే ఏం చెయ్యను?

నా గదిలో పక్క మంచం గౌస్ మొహియుద్దీన్‌ది. ఇంటికి వంటవాడు. చుక్కమ్మని చూసి ముసుగు తన్ని అటు తిరిగి పడుకుంటాడు కానీ మంచివాడే. మా అందరి మీదా పెద్ద ముజఫ్ఫర్ అలీ. నోరు పెద్దది, అంతకంటే ఏం లేదు. వీపుకి కారు తలుపు తగిలి వెల్లకిలా పడుకోలేకపోతున్నాను, అంతే. అమ్ముని బడి మాన్పించకు.

నీ మావ,
ఏసోబు

దోహా,
శుక్రవారం, మధ్యాహ్నం.

సుభా,

బయట గొళ్ళెం పెట్టారు. సాయంత్రం దాకా నేను బతికుంటే తీస్తారట. కాగితం, పెన్ను ఉన్నాయి కాబట్టి రాస్తున్నాను. రాత వంకరపోతే ఏమీ అనుకోకు.

షహానియా పందెంలో అర్బాబ్ ఒంటె గెలిచిందని నిన్న ఇంట్లో విందు. గౌస్ ముందురోజే మాంసం ఉడికించి ఈ ఎండలో బయట పెట్టి మర్చిపోయాడు. తిన్నవాళ్ళంతా తెల్లారేసరికి వాంతులు, ఇద్దరు ముసలాళ్ళని ఆసుపత్రికి మోసుకెళ్ళాం. అర్బాబ్ ముజఫ్ఫర్‌ని పిలిచి, ఎవరి పనో తేల్చమన్నాడు. ముజఫ్ఫర్ బెల్టు ఊడదీసి పెరట్లోకి వచ్చాడు. అది చూడగానే గౌస్ నా వైపు వేలు చూపించాడు. ఏసోబు బల్లి గిన్నెలో పడింది, నేను కళ్ళారా చూశానన్నాడు. పెట్టె మూత తీసి బయటికి రాలేని రోగిష్టి బల్లి వంటింటిదాకా నడిచి గిన్నె ఎక్కిందట! అయినా బల్లి అనగానే అందరూ నమ్మేశారు. ఒక్కడికి అనుమానం రాలేదు.

తర్వాత బెల్టు బకిల్ వైపు నుంచి పడింది. కింద పడేసి తన్నారు. నోటినిండా మట్టి, నెత్తురు. సుభా, నీతో అబద్ధమాడాను. కారు తలుపు ఎప్పుడూ తగల్లేదు. కారు ఆలస్యమైతే బెల్టు, గీత పడితే బెల్టు, ఎదురుచెప్తే బెల్టు. వచ్చిన మొదటి నెల నుంచీ ఇదే. నువ్వు ఏడుస్తావని రాయలేదు. పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరుంది, పారిపోయే దారి లేదు. ఇన్నాళ్ళూ ఒక్క దెబ్బకీ తిరగబడలేదు. నాకెంత కోపమో నీకు తెలుసు, అయినా పళ్ళు బిగపట్టి ఊరుకున్నాను.

ఇంతలో ముజఫ్ఫర్ పెట్టె తెచ్చి చుక్కమ్మని నేల మీద కుమ్మరించి, బూటు ఎత్తాడు. అది పరిగెత్తనైనా లేదు, రెప్పలు మూసుకుంది. నేను పాక్కుంటూ వెళ్ళి దానిమీద చెయ్యి అడ్డం పెట్టాను. బూటు నా వేళ్ళమీద పడింది. అప్పుడే నోట్లోంచి ఊడిపడింది ఆ మాట. ఇది విషమైతే నేనే చస్తాను, చావకపోతే ఇక దీని జోలికి రాకండి అన్నాను.

పనివాళ్ళ మధ్యాహ్నం తిండికి గౌస్ పలచగా పప్పు కాచాడు. గోరువెచ్చగా ఉంది. పళ్ళెంనిండా పోయించుకుని చుక్కమ్మని మెడ దాకా అందులో కూర్చోబెట్టాను. జారిపోకుండా రెండు చేతులా పట్టుకుని చాలాసేపు ఉంచాను, ఎవరూ వేలెత్తకుండా ఉండాలని. చుట్టూ నిలబడ్డవాళ్ళు ఒక్కొక్క అడుగు వెనక్కేశారు. తర్వాత దాన్ని తీసి నా చొక్కాలో వేసుకుని, ఆ పప్పులో అన్నం కలిపాను. అప్పుడు గౌస్ ఏడుస్తూ నా చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, తినకు. నిజంగ సస్తవ్. అది విషమే."

అబద్ధం చెప్పినవాడే ఆపడానికొచ్చాడు. వాణ్ణి మోచేత్తో తోసేసి పళ్ళెమంతా తిన్నాను. వేలితో తుడిచి మరీ తిన్నాను.

సుభా, నాకూ అది విషమనే నమ్మకం. ఇప్పుడు కూడా నమ్మకమే. ధైర్యం చేశానని అందరూ అనుకుంటున్నారు. నీకొక్కదానికే నిజం చెప్తున్నాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడు భయం వెయ్యలేదు. హమ్మయ్య, ఇంక రేపు పొద్దున లేవక్కర్లేదు అనిపించింది. హాయిగా ఉంది. కడుపులో మంటగా ఉంది, మిరపకాయల మంటో ఇంకేదో తెలియదు. చుక్కమ్మ చొక్కాలోనే ఉంది, నెమ్మదిగా కదులుతోంది. అమ్ముకి ఏం చెప్తావో నీ ఇష్టం.

ఏసోబు

దోహా,
శనివారం.

సుభాషిణికి,

చావలేదు! ముందు ఉత్తరం చించేద్దామనుకుని, ఎందుకో చింపలేక ఇదే కవర్లో పెడుతున్నాను. అందులో చివర రాసింది పట్టించుకోకు. మనిషి దెబ్బలు తిన్నప్పుడు ఏవేవో రాస్తాడు.

సాయంత్రం తలుపు తీసేసరికి నేను గుర్రుపెట్టి నిద్రపోతున్నానట. ముజఫ్ఫర్ కాలితో తన్ని లేపాడు. బతికున్నానని చూశాక వాడి మొహం చూడాల్సింది. అందరిముందు తప్పయిపోయిన కసి ఎవరిమీదో ఒకరిమీద తీర్చుకోవాలి కదా, గౌస్‌ని జుట్టు పట్టుకుని పెరట్లోకి ఈడ్చుకొచ్చాడు. బెల్టు పడుతుంటే మొదట్లో నాకు ఆనందమే కలిగింది, దాచడం ఎందుకు. పడనీ వెధవకి, ఇంకా పడనీ అనుకున్నాను. కానీ వాడు అమ్మా అని కాకుండా, "అన్నా, ఏసోబన్నా" అని అరవడం మొదలుపెట్టాడు. ఎలా లేచానో తెలియదు. బెల్టు గాల్లో ఉండగానే పట్టుకుని చేతికి రెండు చుట్లు చుట్టుకుని లాగాను. ముజఫ్ఫర్ నా మూతిమీద గుద్దాడు, ముందు పన్ను ఒకటి ఊడింది. నేను తలతో వాడి ముక్కు పగలగొట్టాను. ఇన్ని నెలలదీ ఒక్కసారే వచ్చింది. కింద పడేసి వాడి మెడ నొక్కుతూ ఉన్నాను, నలుగురు లాగితే గానీ వదల్లేదు. ఇంకొంచెం ఆగితే చంపేసేవాణ్ణి.

గొడవ విని అర్బాబ్ బయటికొచ్చాడు. గౌస్ ఆయన కాళ్ళమీద పడి మాంసం సంగతి తనే ఒప్పుకున్నాడు. ఆయన నెత్తుట్లో ఉన్న మమ్మల్ని ముగ్గుర్నీ చూసి, ఖలాస్, ఇక చాలు అన్నాడు. బెల్టు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఎవర్నీ పోలీసులకి ఇవ్వలేదు.

ఇంకో సంగతి. నిన్న గదిలో చొక్కా విప్పితే లోపలంతా పాడుచేసి ఉంది. చుక్కమ్మ కడుపులోంచి ఇసుక ముద్దలు ముద్దలుగా వచ్చింది. నేను పోసిన ఇసుకే! తిండితోపాటు మింగి మింగి కడుపు గట్టిపడి తిండి మానేసిందన్నమాట. ఆ గోరువెచ్చటి పప్పులో నానేసరికి కడుపు కదిలింది. ఎడారి జీవికి ఇసుకే పరుపని నా తెలివి. మంచినీళ్ళతో కడిగి, మళ్ళీ కాగితాలు పరిచి, బల్బు కింద పెట్టాను. పొద్దున ఒక కీచురాయిని గబుక్కున పట్టి కరకర నమిలింది. గౌస్ ఇప్పుడు వాచిపోయిన మొహంతో ట్యాంకు కింద కీచురాళ్ళు వెతుకుతున్నాడు.

ఇక ఇక్కడ అంతా సర్దుకున్నట్టే. కాంట్రాక్టు అయ్యేదాకా ఉంటాను. నాకేం ఫర్వాలేదు.

నీ మావ,
ఏసోబు

ఉలవపాడు,
జూలై నెల.

మావా,

శుక్రవారం రాసిందీ శనివారం రాసిందీ, రెండు ఉత్తరాలూ ఒకే కవర్లో అందాయి. చచ్చిపోతున్నానన్నది ముందు చదివాను. రెండోది ఉందని తెలియక వాకిట్లోనే కూలబడి గుండెలు బాదుకున్నాను. అమ్ము వచ్చి కవర్లో ఇంకో కాగితం ఉందమ్మా అని తీసిచ్చింది. అది చదివాక వచ్చిన కోపానికి ఎదురుగా నువ్వుంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు.

కారు తలుపు వీపుకి తగలడమేమిటని అంతకుముందు వచ్చిన ఉత్తరానికే అనుమానమొచ్చింది. నేను ఏడుస్తానని రాయలేదా? ఏడిస్తే ఏడుస్తాను. నీ పేరు చెప్పి ఏడ్చే హక్కు నాకు లేదా? ఆ రాసింది పట్టించుకోవద్దన్నావు చూడు, నేను అదొక్కటే పట్టించుకున్నాను. పన్ను ఊడినదీ, ముక్కు పగిలినదీ కాదు. హాయిగా ఉందన్నావే, ఆ ముక్క. దాన్ని చదివినప్పటినుంచి అన్నం దిగడం లేదు. నువ్వు తిన్నది బల్లి కోసం కాదు మావా. నీకు చావడానికి ఒక సాకు దొరికింది, తిన్నావు. ఇంకా కాంట్రాక్టు అంటావేంటి?

నిన్ను పంపించిన ఏజెంటు రఫీయుద్దీన్ కందుకూరులో ఆఫీసులో కూర్చుని టీ తాగుతున్నాడు. నీ ఉత్తరం వాడి మొహం మీద పెట్టి చదవమన్నాను. ఇవన్నీ అక్కడ మామూలేనమ్మా అన్నాడు. చెప్పు తీసి నలుగురిలో చెంపలు వాయించాను. ఆపడానికొచ్చిన గుమాస్తాకీ రెండు తగిలాయి. నా భర్త వచ్చేదాకా నీ గుమ్మంలోనే కూర్చుంటానని పిల్లతో సహా కూర్చున్నాను. మర్నాటికి వాడే మీ అర్బాబ్‌కి ఫోన్ చేశాడు. ఆయన మంచివాడిలాగే ఉన్నాడు, పాస్‌పోర్టు ఇచ్చి పంపిస్తానన్నాడట. నువ్వు ఉంటానని మాత్రం అనకు. చుక్కమ్మని గౌస్‌కి అప్పజెప్పు, వాడికి ఇప్పుడు దానిమీద భయం పోయిందిగా.

ఇంకోసారి నీకు చావాలనిపిస్తే, అక్కడ ఎవరి పళ్ళెంలోనో కాదు, ఇక్కడికొచ్చి నా మొహంలోకి చూసి చెప్పు. ముందు కొడతాను. తర్వాత అన్నం పెడతాను.

సుభాషిణి