ఇత్తడి రింగుకు గట్టి బ్రష్

అన్నా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఈ ఉత్తరం నువ్వు చదవవని తెలుసు. అయినా నాకు పని నేర్పించిన నిన్ను గాక ఇంకెవురిని అడిగేది అని నా మనసు ఊరుకోలా.

పొద్దున మునిరెడ్డి కంకర క్రషర్ మోటారు మళ్లా మన పాకాల షాపుకు వచ్చింది. విప్పి సూస్తే ఇత్తడి రింగుల మీద గోరు దిగేంత గాడి పడిండాది. రింగుల్ని రాసుకుంటా కరెంటు అందించే కార్బన్ బ్రష్ మాత్రం కొత్తదాని మాదిరే ఉండాది. "బ్రష్ అరగాల, రింగు అరగకూడదు. ఇత్తడికి రాగి కలిసిన మెత్త బ్రష్షే వెయ్యాల" అని నా చెవి మెలిపెట్టి నేర్పించింది నువ్వే. మునిరెడ్డి మోటారుకు మాత్రం గట్టి బ్రష్ వేసినావు.

"రాతి దుమ్ముకు రింగులు అరిగిపోతాయప్పా" అని ఆయనతో అంటావుంటివి. నిన్ను నమ్మి నేనూ అదే చెప్పి, ప్రతిసారీ కొత్త రింగులకు దుడ్లు తీసుకుంటి.

మరిచిపోయినావేమో అనుకుని, ఆ క్రషర్‌కు ఎదురుగా ఉండే మీ బావ క్రషర్‌కు పోయి మోటారు మూత తీసినా. అదే దుమ్ము, అవే ఇత్తడి రింగులు, నీ చేతి పనే. ఆడ మెత్త బ్రష్ ఉండాది. రింగులు అద్దం మాదిరి మెరుస్తా ఉండాయి. సిగ్గనిపించలేదా అన్నా?

సాయంత్రం మునిరెడ్డి వచ్చి, "మీ మేస్త్రి ఉంటే ఎట్ల చేసుండునో అట్లనే చెయ్యప్పా" అన్నాడు.

కొత్త రింగులు లేత్ పట్టించి, మెత్త బ్రష్ వేసినా. నువ్వు పోయినాక కూడా ప్రతి రింగు లోపల, నీ పనని తెలిసేటట్టు నువ్వు కొట్టే శంఖం గుర్తే కొడతా వచ్చినా.

ఈ పొద్దు కొట్టలేదు.