మామకు పంపిన సీసాను ఎందుకు మార్చావు?

గ్లాస్గో

అన్న లింగస్వామికి తమ్ముడు సైదులు దండాలు.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. మాడుగులపల్లిలో నువ్వు, వదిన, పిల్లలు బాగున్నారని, గొర్లకు రోగమేమీ తగల్లేదని అనుకుంటున్నాను. ఫోన్ చేస్తే "పనిల ఉన్న, మల్ల చేస్త" అని పెట్టేస్తున్నావు కదా, అందుకే కాగితం మీద రాస్తున్నాను. దీన్ని మధ్యలో కట్ చేయలేవు. చివరిదాకా చదువు.

ఇక్కడ వాన ఆగట్లేదు. గోదాములో కూరగాయల పెట్టెలు ఎత్తీ ఎత్తీ నడుం పట్టేసింది. వండుకుంటున్నాను, తింటున్నాను, ఆ విషయంలో పరేషాన్ కావద్దని వదినకు చెప్పు. గోంగూర పచ్చడి మాత్రం అయిపోయింది. ఆదివారం వస్తే మాట్లాడే మనిషి లేక గోడకేసి చూస్తూ కూర్చుంటాను. అలా కూర్చున్నప్పుడల్లా ఆత్మకూరు మామే గుర్తొస్తాడు. నాన్న పోయాక మనిద్దరినీ పెంచిన మనిషి. ఆయన బిడ్డను చేసుకోనన్నానని నాతో మాట మానేశాడు. ఆ పిల్ల వేరే పెళ్లి చేసుకుని సుఖంగా ఉంది, నన్ను ఒక్క మాట అనలేదు. మామ మాత్రం నా పేరెత్తితే లేచిపోతాడు. అందుకే మన పద్ధతిలోనే పోదామనుకున్నాను. అలిగిన పెద్దమనిషికి మందు ఇస్తే, ఆయన తీసుకుని తాగితే, మనలో కోపం పోయినట్టే కదా.

కానీ స్కాచ్ గురించి నాకేం తెలుసు? కల్లు తప్ప నేనేం తాగాను? దుకాణంలో గోడ నిండా సీసాలు. ఖరీదైనవి నా జీతానికి అందవు. ఏదో ఒకటి పంపితే మామ గొంతు మండుతుంది. గోదాములో నాతో పనిచేసే కోదాడ శీను సలహా చెప్పాడు. "సీసా మీద ఎన్నేళ్లదో రాసిన అంకె చూసి మోసపోకు, అట్టపెట్టె చూసి అసలు మోసపోకు. చిన్న సీసాలు అమ్ముతారు, ముందు అవి కొని రుచి చూడు" అన్నాడు. చూశాను. ఒకటి పొగ వాసన, దవాఖాన వాసన. అది కొత్తవాళ్లకు పడదట. ఇంకొకటి ఒట్టి మంట. మూడోదాంట్లో కాసిని నీళ్లు కలిపితే తేనె వాసన వచ్చింది, మెత్తగా దిగింది. రకరకాల విస్కీలు కలిపి చేసేదట, ధర కూడా నాకు అందేదే. కల్లు తాగే మామకు ఇదే నచ్చుతుందని పెద్ద సీసా కొని, సెలవుకు వస్తున్న శీను చేతికిచ్చాను. సూర్యాపేట బస్టాండులో నీకు అందించాడు కూడా.

నువ్వేం చేశావు? అట్టపెట్టె లేదని, ఏళ్ల అంకె లేదని "గింత సస్తాది ఇస్తే ఇజ్జత్ పోతది" అన్నావట. ఎవరి ఇజ్జత్? మిర్యాలగూడ వైన్స్‌లో బంగారు అక్షరాల పెట్టె ఒకటి కొని, "తమ్ముడు స్కాట్లాండ్ నుంచి పంపిండు మామా" అని ఇచ్చి వస్తావా? నేను ఏరి ఏరి కొన్నదాన్ని నీ దోస్తులతో కలిసి కూల్‌డ్రింక్ పోసుకుని తాగుతావా? బుద్ధుందా నీకు? అక్కడ అమ్మే ప్రతి సీసా మీద మన ఎక్సైజోళ్ల స్టిక్కర్ ఉంటుందని కూడా తోచలేదా?

ఇదంతా వదినను నిలదీస్తే చెప్పింది. ఆమెను ఏమీ అనకు. ఎందుకు నిలదీశానంటే, నిన్న మామ ఫోన్ చేశాడు. పేరు చూడగానే ఎత్తాను. "మామా" అనేలోపే అందుకున్నాడు.

"ఏందిరా, నేను ఎర్రోడి లెక్క కనవడుతున్ననా? మనకాడి మందు దెచ్చి స్కాట్లాండ్‌ది అంటరా? స్టిక్కర్ నేను ఎనుక సూసిన. ముందుగాల మూత దీసి, చౌడమ్మ తల్లికి ఆమె వాటా నేల మీద సాక పోసిన. నీ పేరు జెప్పి పోసినరా! పోరడు గాడ ఒక్కడే ఉన్నడు, సల్లగ సూడు తల్లీ అని మొక్కిన. అబద్ధపు మందుతోటి నా చేత సాక పోయిస్తవా?"

అంతే, పెట్టేశాడు. మళ్లీ ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. అన్నా, ఆయన కోపం తగ్గి, నా పేరు తలుచుకుని మొక్కాడు. ఆ మొక్కును నువ్వు పాడు చేశావు. నాకు ఏడుపొస్తోంది, నిన్ను కొట్టాలని కూడా ఉంది.

ఇప్పుడు నువ్వే పోవాలి. నేను పంపిన సీసా పట్టుకుని ఆత్మకూరు పో. నువ్వే మార్చావని మామ ముందు నీ నోటితో చెప్పు. తిడితే పడు, కొట్టినా పడు.

అమ్మమ్మకు, ఊళ్లో పెద్దలందరికీ నా దండాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. శీను తిరిగొచ్చేటప్పుడు పచ్చడి పంపమని వదినకు చెప్పు. నువ్వు పెద్దవాడివి, ఇంత కోపంగా రాసినందుకు నన్ను దీవించకపోయినా సరే, ఈ పని మాత్రం చెయ్యి. సీసా అడుగున కొంచెం మిగిలిందని వదిన అంది. దాన్ని ఇక ముట్టుకోకు. సాక పోయడానికి ఒక్క చుక్క చాలు.

నీ మీద కోపం తగ్గని తమ్ముడు,
సైదులు